పారాకార్డ్ చేతిపట్టీలు: అల్లడం, వెలకట్టడం, అమ్మడం



స్కౌట్స్ అండ్ గైడ్స్ శిబిరంలోనో, పాఠశాల వార్షికోత్సవంలోనో, దుర్గాపూజ రోజుల్లో రైల్వే కాలనీలో జరిగే ఆనంద మేళాలోనో రంగురంగుల తాడుతో అల్లిన చేతిపట్టీలు, తాళంచెవుల గొలుసులు, ఈలకు కట్టుకునే తాళ్లు అమ్మకానికి పెట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. కొందరు అల్లి ఉంటారు కూడా. ఆ తాడు పేరు పారాకార్డ్. నేర్చుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. సామాను ఒక పెన్సిలు డబ్బాలో పడుతుంది. నాన్నకో అమ్మకో బదిలీ అయితే సామాన్ల లారీలో దానికి వేరే చోటు అక్కర్లేదు. అందుకే మన పాఠశాలల్లో ఏదైనా మంచి పనికి నిధి కూడబెట్టాలి అనుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు ఈ పట్టీల మాట ఎత్తుతారు.

అల్లడం తేలికే. అమ్మడంలోనే చిక్కులన్నీ ఉన్నాయి. ఎంత ధర పెట్టాలి? బేరమాడితే తగ్గించాలా? అమ్ముడుపోనివి ఏం చేయాలి? వచ్చిన డబ్బు ఎవరి దగ్గర ఉండాలి? ఈ వ్యాసంలో ఆ ప్రశ్నలను ఒక్కొక్కటిగా చూద్దాం. ముందు తాడు గురించి కొంచెం తెలుసుకుందాం.

గొడుగు తాడు చేతికి ఎలా వచ్చింది?

పారాచూట్‌కు, దానికింద వేలాడే మనిషికి మధ్య ఉండే సన్నని తాళ్లే పారాకార్డ్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు విమానాల నుంచి దూకేటప్పుడు ఈ నైలాన్ తాళ్లు వాడారు. నేల మీద దిగాక పారాచూట్ బరువే తప్ప ఉపయోగం లేదు. కానీ దాని తాళ్లను కోసి దగ్గర పెట్టుకుంటే గుడారం కట్టుకోవడానికి, మూటలు బిగించడానికి, తెగిన పట్టీ బాగుచేసుకోవడానికి పనికొచ్చేవి. అలా ఆకాశం నుంచి దిగిన తాడు నేల మీద పనుల్లోకి వచ్చింది. 1997లో అంతరిక్షంలో హబుల్ టెలిస్కోపును బాగుచేసిన వ్యోమగాములు కూడా చిరిగిన వేడి నిరోధక పొరల మీద అతుకులు కట్టడానికి ఈ రకం తాడు వాడారు.

ఎక్కువగా దొరికే రకాన్ని 550 అంటారు. అది 550 పౌండ్ల బరువు వరకు తెగకుండా ఉండాలని పెట్టిన అంకె. మన లెక్కలో సుమారు 250 కిలోలు. మందం 4 మిల్లీమీటర్లే. ఒక ముక్క కోసి చూస్తే ఈ బలం ఎక్కడిదో తెలుస్తుంది. పైన అల్లిన తొడుగు ఒకటి, లోపల సాధారణంగా ఏడు సన్నని పేటలు ఉంటాయి. ఒక్కో పేటను మళ్లీ రెండు మూడు పోగులు పురిపెట్టి చేస్తారు. పైతొడుగు రాపిడిని ఆపుతుంది, లోపలి పేటలు బరువు మోస్తాయి. కొనేటప్పుడు కొస విప్పి లోపలి పేటలు లెక్కపెట్టండి. లోపల ఖాళీగా ఉన్నా, దూది లాంటిది కుక్కి ఉన్నా అది అలంకారానికి పనికొస్తుంది గానీ 550 రకం కాదు.

ఈ తాడు కొత్తదే గాని ముడులు మనకు కొత్త కావు. పాలు పెరుగు కుండలను పిల్లికి అందకుండా దూలానికి వేలాడదీసే ఉట్టి, నులక మంచం, జాలరి వల, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి మోకు, పశువుల మెడలో పలుపు, చంటిపిల్లల మొలతాడు, అన్నీ ముడి మీద నిలిచిన వస్తువులే. మీ తాతగారి ఊరు శ్రీకాకుళం వైపో విజయనగరం వైపో అయితే, ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఉట్టి ఎలా అల్లుతారో అడిగి చూడండి. చేతిపట్టీలో వేసే ముడికి దగ్గరి చుట్టం మీకు అక్కడే కనిపించవచ్చు.

అల్లే విధానం

కావలసినవి: సుమారు 3 మీటర్ల పారాకార్డ్, ఒక ప్లాస్టిక్ బకిల్, కొలత టేపు, కత్తెర. చివర్లో కొసలు కరిగించడానికి పెద్దవాళ్లు ఒకరు తప్పనిసరిగా దగ్గర ఉండాలి.

మొదట మణికట్టు చుట్టూ కొలవండి. దానికి రెండున్నర సెంటీమీటర్లు కలపండి. అదే పట్టీ పొడవు. అల్లిక మందంగా ఉంటుంది కాబట్టి ఆ మాత్రం కలపకపోతే చేతికి బిగిసిపోతుంది.

తాడును సగానికి మడవండి. మడత కొసను బకిల్ ఒక సగంలోంచి దూర్చి, రెండు చివరలను ఆ మడతలోంచి లాగి బిగించండి. ఇప్పుడు రెండు చివరలను బకిల్ రెండో సగంలోంచి దూర్చి, రెండు సగాల మధ్య మీరు కొలిచిన దూరం వచ్చేవరకు జరపండి. మధ్యలో రెండు తాళ్లు పక్కపక్కన నిలిచి ఉంటాయి. వాటిని నడిమి తాళ్లు అందాం. రెండో బకిల్ దగ్గర ఎడమకు ఒకటి, కుడికి ఒకటి పొడవాటి తాళ్లు వేలాడతాయి. వాటితోనే అల్లిక.

ఎడమ తాడును నడిమి తాళ్ల మీదుగా కుడివైపుకు తీసుకెళ్లండి. ఎడమవైపు ఒక చిన్న వంపు మిగులుతుంది. కుడి తాడును ఎడమ తాడు కొస మీదుగా కిందికి దించి, నడిమి తాళ్ల వెనకనుంచి తెచ్చి, ఆ వంపులోంచి పైకి లాగండి. రెండు చివరలను సమానంగా బిగించండి. సగం ముడి అయింది. ఇప్పుడు ఇదే పనిని కుడివైపు నుంచి మొదలుపెట్టండి. కుడి తాడు నడిమి తాళ్ల మీదుగా ఎడమకు, ఎడమ తాడు దాని మీదుగా దిగి వెనకనుంచి వచ్చి కుడి వంపులోంచి పైకి. బిగించండి. ఒక ముడి పూర్తయింది. ఇలా ఒకసారి ఎడమ, ఒకసారి కుడి మార్చుకుంటూ మొదటి బకిల్ వరకు వెళ్లాలి.

మార్చడం మరిచి ఒకే వైపు నుంచి అల్లుకుంటూ పోతే పట్టీ మెట్ల మెలికలా తిరుగుతుంది. చేతిపట్టీకి అది బాగుండదు గానీ తాళంచెవుల గొలుసుకు అందంగా ఉంటుంది. ఒకే ముడితో రెండు వస్తువులు వచ్చాయన్నమాట.

చివరికి మిగిలిన తాడును దగ్గరగా కత్తిరించి, కొసలను మంటతో కొద్దిగా కరిగించి ముడికి అతుక్కునేలా నొక్కాలి. నైలాన్ 200 డిగ్రీల సెల్సియస్ దాటాక గానీ కరగదు. కరిగిన చుక్క చర్మం మీద పడితే అంటుకుపోయి కాలుస్తుంది. కాబట్టి ఆ పని పెద్దవాళ్లది. వేలితో కాదు, చెంచా వెనకవైపుతో నొక్కమనండి. గాలి ఆడే చోట చేయమనండి.

ప్లాటుఫారం పొడవు తాడు ఉంటే

ఖరగ్‌పూర్‌లో ఉన్న పిల్లలకు ఒక చిన్న లెక్క. మన స్టేషనులోని పొడవాటి ప్లాటుఫారం 1072.5 మీటర్లు. చాలా ఏళ్లు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరు పొందింది. తరవాత ఆ పేరు గోరఖ్‌పూర్‌కు, 2023లో 1507 మీటర్లతో హుబ్బళ్ళికి వెళ్లింది. మన ప్లాటుఫారం ఈ చివర నుంచి ఆ చివర వరకు తాడు పరిస్తే, ఒక్కో పట్టీకి 3 మీటర్ల చొప్పున 357 పట్టీలు వస్తాయి. ఒక తరగతికి అన్ని అక్కర్లేదు. 20 చాలు. దానికి 60 మీటర్ల తాడు కావాలి. ఇప్పుడు అసలు లెక్కలోకి వెళ్దాం.

ధర ఎలా కట్టాలి?

కింది అంకెలు లెక్క నేర్చుకోవడానికి మేము వేసుకున్నవి. మీ ఊళ్లో ధరలు వేరుగా ఉంటాయి. దుకాణంలో అడిగి మీ అంకెలు రాసుకోండి.

తాడు మీటరు 12 రూపాయలు అనుకుందాం. 60 మీటర్లకు 720. బకిల్ ఒకటి 10 చొప్పున 20 బకిళ్లకు 200. కాగితపు సంచి, చీటీ, వృథా అయ్యే ముక్కలు కలిపి ఒక్కోదానికి 4 చొప్పున 80. మొత్తం సామాను ఖర్చు 1000 రూపాయలు. మేళాలో బల్లకు 200 కట్టాలి. అంటే ఒక్క పట్టీ కూడా అమ్మకముందే మన చేతి నుంచి 1200 వెళ్లింది. 20 పట్టీలకు పంచితే ఒక్కోదానికి 60.

ఒక్కో పట్టీ 100 రూపాయలకు అమ్మాలని నిర్ణయించుకున్నాం. ఒక్కోదానికి 40 మిగులుతుంది, 20 పట్టీలకు 800 మిగులుతుంది అని మనసు వెంటనే లెక్క కట్టేస్తుంది. అన్నీ అమ్ముడుపోతే అది నిజమే. 12 మాత్రమే అమ్ముడుపోతే? వచ్చేది 1200. పెట్టింది 1200. నిధికి ఒక్క రూపాయి కూడా చేరదు. పదమూడో పట్టీ అమ్ముడైనప్పుడే మన నిధిలో మొదటి వంద పడుతుంది. పెద్ద వ్యాపారాలు కూడా ఈ లెక్క ముందే వేసుకుంటాయి. ఎన్ని అమ్మితే గిట్టుబాటు అవుతుందో తెలియకుండా బల్ల వేయకూడదు. మీ బల్ల వెనక ఒక కాగితం మీద ఆ అంకె రాసి అంటించుకోండి. బేరమాడే సమయంలో అది గుర్తుకు రావాలి.

ఇందులో ఇంకొకటి దాగి ఉంది. ఒక పట్టీ అల్లడానికి 40 నిమిషాలు పట్టిందనుకుందాం. 20 పట్టీలకు 800 నిమిషాలు. అంటే 13 గంటల 20 నిమిషాలు. అన్నీ అమ్ముడుపోతే మిగిలేది 800 రూపాయలు. మీ చేతుల పని నిమిషానికి ఒక రూపాయి సంపాదించింది. ఎవరైనా వచ్చి “ఏముంది ఇందులో, తాడే కదా, 60కి ఇచ్చెయ్యి” అన్నారనుకోండి. మీరు ఇచ్చేస్తే తాడు, బకిల్, బల్ల అద్దె డబ్బులు వెనక్కి వస్తాయి. మీ 40 నిమిషాలు మాత్రం ఉత్తినే పోతాయి.

చేతిపని లెక్కలో ఎప్పుడూ మొదట తగ్గేది చేతుల కూలే. తాడు అమ్మినవాడు తగ్గించడు, బకిల్ కంపెనీ తగ్గించదు. చేసినవాళ్లే తగ్గిస్తారు. మన పశ్చిమ గోదావరిలో నరసాపురం లేసు దీనికి పెద్ద ఉదాహరణ. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఆ ప్రాంతానికి వచ్చిన లేసు అల్లిక వేలాది మంది ఆడవాళ్ల చేతుల్లో పెరిగి విదేశాలకు ఎగుమతి అయింది. జర్మనీ సమాజ శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి లేసు అల్లేవాళ్ల గురించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆ ఆడవాళ్లు రోజూ గంటల తరబడి అల్లుతున్నా చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని ఇంటి ఆడవాళ్ల తీరికవేళ పనిగానే చూశారని, అలా చూడడం వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె చూపించారు. “ఖాళీగా ఉన్నావుగా, చేసెయ్యి” అనే మాట ఎంత ఖరీదైనదో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఖరగ్‌పూర్‌కు ఈ సంగతి ఇంకా దగ్గరిది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడికి పనికి వచ్చాయి. వర్క్‌షాపు కార్మికులు తమ శ్రమకు న్యాయమైన విలువ కావాలని 1920ల చివరలో సమ్మెలు చేశారు. ఆ రైల్వే కార్మిక సంఘానికి నాయకత్వం వహించినవారిలో తరవాత మన రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఒకరు. పనికి వెలకట్టడం అనే పాఠం ఈ ఊరి చరిత్రలోనే ఉంది.

అలాగని మీరు కూలి పేరు చెప్పి ధర ఆకాశానికి ఎత్తకూడదు. ఫ్యాక్టరీలో తయారైన పట్టీలు బజారులో తక్కువకే దొరుకుతాయి. కొనేవారు రెండింటినీ పోల్చి చూస్తారు. మనం అమ్మేదాంట్లో ఫ్యాక్టరీ ఇవ్వలేనిది ఏముందో చూసుకోవాలి. అప్పటికప్పుడు చేతి కొలత తీసి అల్లి ఇవ్వడం, అడిగిన రెండు రంగులు కలపడం, కొస ఊడితే తెచ్చి ఇస్తే బాగుచేసి ఇస్తామని చెప్పడం, ఇవే మన బలం.

దానమా, అమ్మకమా?

డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుపుకుంటాం. 1949 నుంచి జరుగుతోంది. ఆ రోజు చిన్న కాగితపు జెండా ఇచ్చి విరాళం తీసుకుంటారు. ఆ జెండా ఖరీదు ఎంత అని ఎవరూ అడగరు. ఇచ్చేవారికి తాము దానం చేస్తున్నామని తెలుసు. చేతిపట్టీల బల్ల అలాంటిది కాదు. మనం వస్తువు అమ్ముతున్నాం. నిధి కోసమే అయినా కొన్నవారికి వారిచ్చిన డబ్బుకు తగిన వస్తువు అందాలి. “మంచి పనికి కదా, ముడి వదులుగా ఉంటే ఏం” అనుకోకూడదు. వదులు ముడి వేసిన పట్టీ బల్ల మీదికి రాకూడదు.

స్కౌట్స్‌లో దీనికి ఒక చక్కని మాట ఉంది. ఖరీ కమాయి. అంటే చేతి పనితో నిజాయితీగా సంపాదించిన డబ్బు. చేయి చాచి అడిగిన డబ్బుకూ, పని చేసి తెచ్చిన డబ్బుకూ తేడా పిల్లలకు చిన్నప్పుడే తెలియాలని ఆ పద్ధతి పెట్టారు. అందువల్ల కొనడానికి ఇష్టంలేని వారిని “మంచి పని కోసం, ఒక్కటి తీసుకోండి” అని వెంటపడి అడగకండి. నచ్చితే కొంటారు. నచ్చకపోతే చూసి వెళ్తారు. చూసి వెళ్లినవారికి కూడా నమస్కారం చెప్పాలి. నిధికి ఉత్తినే డబ్బు ఇస్తామన్నవారి మొత్తాన్ని పుస్తకంలో వేరే వరుసలో రాయాలి. అమ్మకం డబ్బుతో కలపకూడదు.

బల్ల దగ్గర మాట

ఖరగ్‌పూర్ మేళాలో మీ బల్ల ముందు నిలబడేవారు ఏ భాష మాట్లాడతారో ముందే చెప్పలేం. ఒక మామ్మగారు శ్రీకాకుళం యాసలో “ఎంతమ్మా ఇది?” అంటారు. ఆమె వెనకాలే ఒకాయన “కతో దామ్?” అంటారు. ఇంకొకరు హిందీలో అడుగుతారు. బంధువులకు చెప్పినట్టే మామ్మగారికి “నూరు రూపాయలండి మామ్మగారూ” అని చెప్పండి. బెంగాలీ వారిని దాదా, దీదీ అని పిలవండి. ధర మాత్రం మూడు భాషల్లోనూ ఒకటే ఉండాలి. చీటీ మీద అంకె రాసి పెడితే ఆ చిక్కే ఉండదు.

వ్యాపారం మాటలు భాషల మధ్య ఎంత తేలిగ్గా తిరుగుతాయో ఇక్కడ గమనించవచ్చు. రోజులో మొదటి అమ్మకాన్ని మనం బోణీ అంటాం. హిందీలో బోహనీ అంటారు. బెంగాలీలో బౌని అంటారు. పలకడం కొంచెం మారింది గాని నమ్మకం ఒకటే. బోణీ మంచి చేతి మీద జరగాలని మూడు భాషలవాళ్లూ కోరుకుంటారు.

బేరం వస్తే ఏం చేయాలి? ముందే తరగతిలో కూర్చుని ఒక నిర్ణయం చేసుకోండి. ఒకటి 100, రెండు కలిపి తీసుకుంటే 190 అని పెట్టుకోవచ్చు. ఆ తగ్గింపు అందరికీ చెప్పాలి. గట్టిగా అడిగినవారికి ఒక ధర, మొహమాటంతో అడగలేనివారికి ఒక ధర ఉండకూడదు.

వస్తువు కథ చెప్పడం కూడా అమ్మకంలో భాగమే. ఖరగ్‌పూర్‌కు దగ్గరలో పింగ్లా ప్రాంతంలో నయా అనే గ్రామం ఉంది. అక్కడి పటువాలు పొడవాటి పటం మీద కథను బొమ్మలుగా గీసి, ఆ పటం కొంచెం కొంచెం విప్పుతూ పాట పాడి కథ చెబుతారు. చూసేవారు ముందు కథ వింటారు, తరవాత బొమ్మ కొంటారు. మన తెలంగాణలో చేర్యాల పటాలకూ ఇలాంటి కథ చెప్పే సంప్రదాయమే ఉంది. అదే జిల్లాలో సబంగ్ వైపు వెళ్తే మాదుర్ చాపలు నేస్తారు. ఆ చాపలకు, బెంగాల్ పటచిత్రానికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఫలానా చోటి ఫలానా చేతులు చేసిన వస్తువు ఇది అని చట్టం ఒప్పుకోవడమే ఆ గుర్తింపు. రైల్వే కూడా 2022లో ‘ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి’ పథకం మొదలుపెట్టి స్టేషన్లలో స్థానిక వస్తువులకు బల్లలు ఇస్తోంది. ఈసారి రైలు ఆగినప్పుడు ఆ బల్లల దగ్గర నిలబడి వాళ్లు వస్తువును ఎలా పేర్చారు, ధర ఎక్కడ రాశారు, కథ ఎలా చెబుతున్నారు అని గమనించండి. వచ్చేసారి మీ బల్లకు పనికొస్తుంది.

చెప్పకూడని మాటలు

పారాకార్డ్ అమ్మేటప్పుడు ఒక ప్రలోభం వస్తుంది. “ఇది కట్టుకుంటే ప్రాణం కాపాడుతుంది, 250 కిలోలు మోస్తుంది” అని చెప్పాలనిపిస్తుంది. అలా చెప్పకండి. 250 కిలోలనేది కొత్త తాడు తిన్నగా ఉన్నప్పటి లెక్క. ముడి పడిన చోట ఏ తాడైనా బలం తగ్గుతుంది. ఒక్కసారిగా కుదుపు వస్తే ఇంకా తగ్గుతుంది. పైగా పట్టీని మూసి ఉంచేది ప్లాస్టిక్ బకిల్. ఈ తాడుతో చెట్టెక్కడం, బావిలో దిగడం, మనిషిని వేలాడదీయడం చేయకూడదు. విప్పితే సుమారు రెండున్నర మీటర్ల మంచి తాడు చేతికి వస్తుందని చెప్పండి. మూట కట్టుకోవడానికి, తెగిన సంచి పట్టీకి పనికొస్తుందని చెప్పండి. అది నిజం.

చంటిపిల్లల కోసం పూసలు గుచ్చిన పట్టీలు అమ్మవద్దు. పూస ఊడితే నోట్లో పెట్టుకుంటారు. మెడలో వేసుకునే తాళ్లకు గట్టిగా లాగితే విడిపోయే రకం బిళ్ల తప్పనిసరి. ఆటలో ఆ తాడు దేనికైనా తగులుకుంటే మెడ బిగియకూడదు.

నైలాన్ అంటే ప్లాస్టిక్కే అన్న సంగతీ దాచకండి. మట్టిలో కలవదు. మంటతో పని వద్దనుకున్న చిన్న తరగతుల పిల్లలు జనపనార తాడుతో ఇదే ముడి వేయవచ్చు. బెంగాల్ జనపనారకు పేరు పొందిన నేల. దేశంలో మొదటి జనపనార మిల్లు 1855లో హుగ్లీ ఒడ్డున రిష్రాలో మొదలైంది. విజయనగరం జిల్లా నెల్లిమర్లలోనూ జూట్ మిల్లు ఉంది. జనపనార చేతికి గరుకుగా ఉంటుంది కాబట్టి చేతిపట్టీకన్నా కుండీలు వేలాడదీసే ఉట్టికి, సీసా పట్టీకి బాగుంటుంది.

డబ్బు, పుస్తకం

అమ్మకానికి ముందే ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకుని, డబ్బు దేనికోసమో అట్ట మీద రాసి బల్ల ముందు పెట్టాలి. “మంచి పనికి” అని రాస్తే సరిపోదు. 2018లో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాను దెబ్బతీసినట్టు, 2020లో ఆంఫన్ బెంగాల్‌ను కుదిపినట్టు, ఏదో ఒక విపత్తు వచ్చినప్పుడు ఎవరికి, ఏ రూపంలో చేరుస్తామో స్పష్టంగా ఉండాలి. కొనేవారు ఆ మాట నమ్మి ఇస్తున్నారు.

పుస్తకంలో ఐదు వరుసలు చాలు: పట్టీ సంఖ్య, అల్లినవారి పేరు, అమ్మిన ధర, డబ్బు నగదా ఫోను ద్వారానా, మిగిలిన సరుకు. డబ్బాలోని డబ్బు సాయంత్రం ఇద్దరు కలిసి లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయాలి. ఫోను ద్వారా వచ్చే డబ్బు ఉపాధ్యాయులు చూపించిన ఖాతాకే రావాలి, ఏ పిల్లవాడి ఇంటి ఖాతాకూ కాదు. పెట్టుబడి ఎవరిదో వారికి ముందు తిరిగి ఇచ్చి, మిగిలింది నిధికి చేర్చి, రసీదు నకలు నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఇందులో ఒకరిని అనుమానించడం ఏమీ లేదు. లెక్క కనిపిస్తే ఎవరి మీదా మాట రాదు.

అమ్ముడుపోని పట్టీల గురించి దిగులు పడకండి. పారాకార్డ్‌లో ఉన్న సుగుణం ఇదే. కరిగించిన కొస కత్తిరించి విప్పేస్తే తాడు మళ్లీ వాడుకోవచ్చు. కొంచెం పొట్టిదవుతుంది కాబట్టి చిన్న చేతికి పట్టీ అవుతుంది, లేదా తాళంచెవుల గొలుసు అవుతుంది. బకిల్ ఎలాగూ పోదు.

మధ్యలో వెళ్లిపోయేవారి సంగతి

మన పాఠశాలల్లో మాత్రమే వచ్చే చిక్కు ఒకటి ఉంది. జూలైలో కూర్చుని పట్టీలు అల్లిన అమ్మాయి డిసెంబరులో మేళా జరిగే నాటికి వేరే రాష్ట్రంలో ఉండవచ్చు. ఆమె అల్లిన నాలుగు పట్టీలు ఇక్కడి బల్ల మీద ఉంటాయి. ఎవరో కొంటారు. ఆ సంగతి ఆమెకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. బదిలీల్లో తిరిగే మాకు ఇది కొత్త కాదు. మొదలుపెట్టిన పని చివర చూడకుండా పెట్టె సర్దుకోవడం పిల్లలకే కాదు, ఉపాధ్యాయులకూ అలవాటే.

అందుకే పుస్తకంలో అల్లినవారి పేరుకు ఒక వరుస పెట్టమన్నాం. వెళ్లిపోయే పిల్లల కొత్త పాఠశాల పేరు చివరి పేజీలో రాసి ఉంచండి. మేళా అయ్యాక ఒక ఉత్తరం రాయండి. “నీ నాలుగు పట్టీలు అమ్ముడయ్యాయి. నీలం, తెలుపు కలిపింది ఒక మామ్మగారు మనవడి కోసం తీసుకున్నారు. నీ పట్టీల వల్ల నిధికి ఇంత చేరింది” అని రాస్తే చాలు. రాయడానికి పది నిమిషాలు పడుతుంది. తెలుగులో రాస్తే మా పని కూడా కొంత తేలికవుతుంది.

వెళ్లేవారు కూడా ఒక పని చేయాలి. మీకు వచ్చిన ముడిని వెళ్లేలోగా కనీసం ఇద్దరికి నేర్పి వెళ్లండి. కొత్త ఊళ్లో ఎవరూ తెలియని మొదటి వారం, మధ్యాహ్నం భోజనాల విరామంలో ఒక్కరే కూర్చుని తాడు అల్లుతుంటే పక్కనుంచి ఎవరో ఒకరు “ఏం చేస్తున్నావ్?” అని తప్పకుండా అడుగుతారు. ఏ భాషలో అడిగినా జవాబు చేతుల్లోనే ఉంది. ఒక ముక్క తాడు కోసి వారి చేతిలో పెట్టండి.